ఏమీ జరగని బొమ్మల సినిమా ఆరుసార్లు ఎందుకు చూస్తరు?

రైట్‌రైట్_1987
ఆర్టీసీల ముప్పై ఏండ్లు కండక్టరుగ చేసి దిగిపోయిన మనిషిని. సినిమా అంటె నాకు ఫైటుండాలె, పాటుండాలె, లేకుంటె కనీసం ఒకడు ఇంకొకడిని మోసమన్న చెయ్యాలె. మా చిన్నబిడ్డ హైటెక్ సిటీల నౌకరి. శనివారం వచ్చిందంటె సోఫాల ముడుచుకోని ఒకటే బొమ్మల సినిమా పెడ్తది. జపానోళ్లది, మై నైబర్ టోటోరో అట. మొన్న నేను గూడ పక్కన కూసున్న. 86 నిమిషాలు. ఇల్లు మారుతరు. ఇల్లు ఊడుస్తరు. తానం చేస్తరు. దోసకాయ తింటరు. నడుమ ఒక పెద్ద బొచ్చు జంతువొచ్చి నోరు తెరుస్తది, దాంతోని నేను గూడ ఆవలించిన.

విలన్ ఎప్పుడొస్తడు బిడ్డా అంటె "విలన్ లేడు నాన్నా" అన్నది. మరి కథేంది అంటె "కథంటూ పెద్దగ ఏం లేదు" అని అదేదో గొప్ప సంగతి లెక్క చెప్పింది. ఇప్పటికి ఆరుసార్లు చూసిందట.

తిడ్తలేను. నిజంగ అడుగుతున్న. ఏమున్నది అండ్ల?

పప్పుచారు_ప్రసాద్
దోసకాయ తింటే సినిమా అయిపోతుందంటే మా అమ్మమ్మ మీద మూడు భాగాలు తీయొచ్చు.

ఇరానీచాయ్_రెండు
బాబాయ్ పోస్టు ఆఫీసులో చదివి గట్టిగా నవ్వేశా, టీమ్ లీడ్ తిరిగి చూశాడు.

మీ అమ్మాయి ఒక్కతే కాదు బాబాయ్. 2020 ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లలో ఈ టోటోరో తీసిన ఘిబ్లీ స్టూడియో సినిమాలు నెట్‌ఫ్లిక్స్‌లో వరసగా వచ్చాయి. సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్. బయట ఏం జరుగుతుందో చూడాలంటేనే భయం, లోపల టీవీలో ఒక పిల్ల చీపురుతో ఇల్లు ఊడుస్తోంది. మా బ్యాచ్‌లో సగంమందికి ఈ పిచ్చి అప్పుడే పట్టింది.

అమీర్‌పేట్_అర్ధరాత్రి
నాకు అర్థం కాని సంగతి ఒకటుంది. ఇదే సినిమా మన తెలుగులో తీస్తే? ఒక పిల్ల కళ్ళాపి చల్లింది, ముగ్గేసింది, మజ్జిగ తాగింది, మధ్యాహ్నం పడుకుంది. మీరే ముందు రివ్యూ రాస్తారు, "ఫస్టాఫ్ లాగ్, సెకండాఫ్ ఇంకా లాగ్" అని. జపాన్ వాళ్ళు చేస్తే మాత్రం ప్రశాంతత. నాకైతే నిద్రొచ్చింది, దానికి నేనేం సిగ్గుపడను. రోజుకి పదిగంటలు స్క్రీను చూసి తలకాయ పగిలిపోయిన ఐటీవాళ్ళకి ఇది జండూబామ్ లాంటిది. అంతకుమించి ఏం లేదు.

పప్పుచారు_ప్రసాద్
జండూబామ్ తప్పేంటి? పనిచేస్తుంది కదా.

రాత్రిడ్యూటీ_రజిత
నేను ఐటీ కాదు, ఆస్పత్రిలో నర్సుని. రాత్రి డ్యూటీ దిగి పొద్దున ఇంటికొచ్చాక నిద్ర పట్టదు. చెవుల్లో మానిటర్ల చప్పుడే ఉంటది. అప్పుడు పెట్టుకుంటా ఇవి. కాబట్టి అమీర్‌పేట్ అన్న మాట సగం ఒప్పుకుంటా.

కానీ ఒకటి చెప్త. పోయిన దసరాకి అమ్మ మా ఇంట్లో ఉంది. అమ్మది సూర్యాపేట దగ్గర పల్లె, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. టోటోరో నడుస్తుంటే మాత్రలు వేసుకుంటూ ఊరికే అటు చూసింది. తెర మీద చేతిపంపు వచ్చింది. అమ్మ మాత్ర నోట్లో పెట్టుకునే "ముందుగాల నీళ్లు పొయ్యాలె పిల్లా, లోపల ఎండిపోయి ఉంటది" అంది. ఆ పెద్దపిల్ల నిజంగానే వాగుకి ఉరికి నీళ్ళు తెచ్చింది, పంపు కొట్టడం మొదలయింది. అమ్మ నా వైపు చూసి "చెప్పలే?" అన్నది.

తర్వాత టీవీ ముందు నుంచి లేవలే. పిల్లలు చేన్ల దోసకాయ కొరుకుతుంటే "ఉప్పు లేకుండ ఎట్ల తింటున్నరే" అని ఒకటే బాధ. జపానో చైనానో అడగనే లేదు. ఇది జండూబామా అన్నా? ఏమో.

రైట్‌రైట్_1987
@రాత్రిడ్యూటీ_రజిత మీ అమ్మగారి మాట కరెక్టు బిడ్డా. పంపు సంగతి నేను గూడ గమనించిన. చెప్పుకోలే అంతే.

ఇన్‌బిట్వీనర్
ఈ చర్చలో దూరకూడదనుకున్నా, ఆగలేకపోతున్నా. నాది ఈ పనే. మాదాపూర్ వైపు ఒక యానిమేషన్ స్టూడియోలో (పేరు వద్దులెండి, ఇంకా ఇంటి లోను ఉంది) పద్నాలుగేళ్ళు. బయటిదేశాల పిల్లల సీరియళ్ళకి వాళ్ళు కథా, స్టోరీబోర్డూ (సీను సీనుకీ గీసిన బొమ్మల ప్లాను) పంపిస్తే ఇక్కడ మేం కదిలిస్తాం. మన ఊళ్ళో ఈ పని చాలా ఏళ్ళ నుంచి ఉంది. 2008లో టీవీకెక్కిన ఛోటా భీమ్ కూడా హైదరాబాదు బిడ్డే.

లెక్క ముందు చెప్తా. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు. ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ వెయ్యరు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలబెడితే సెకనుకి 12 చాలు, 'టూస్' అంటాం. మూడేసి నిలబెడితే 8. ఇక పని సంగతి. బయటివాళ్ళు ఫైటు కష్టం, కూర్చోవడం తేలిక అనుకుంటారు. తలకిందులు. ఫైటులో చెయ్యి సాగదీసి మసగ్గా గీసేయొచ్చు, కెమెరా ఊపేయొచ్చు, ఒక మెరుపు మెరిపించొచ్చు. కంటికి దొరకదు. గడప దగ్గర ఒక ముసలాయన చెప్పులేసుకోవడం గీసి చూడండి. బరువు ఏ కాలి మీదుంది, చెయ్యి గోడకి ఎప్పుడు ఆనింది, రెండో చెప్పు బోర్లాపడి ఉంటే బొటనవేలితో ఎలా తిప్పుకున్నాడు. చూసే ప్రతివాడూ రోజూ చేసే పని అది. రవ్వంత తేడా వచ్చినా, ఏం తేడానో చెప్పలేకపోయినా, "ఏదో బొమ్మలా ఉందే" అనేస్తాడు.

ఇంకోటి. కెమెరాతో తీసే సినిమాలో బల్ల మీద గ్లాసు ఊరికే ఫ్రేములో పడిపోతుంది. బొమ్మల్లో ఏదీ ఊరికే పడదు. గ్లాసు కనబడుతోందంటే ఒకడు కూర్చుని గీశాడు, ఇంకొకడు రంగేశాడు, ఇంకొకడు అందులో నీళ్ళు ఎంత ఊగాలో చూశాడు. దోసకాయ కొరికిన చోట తడి మెరిసిందంటే, ఆ తడి ఉండాలని ఎవరో పట్టుబట్టారు. బాబాయ్ అడిగిన "ఏమున్నది అండ్ల"కి నా జవాబు ఇదే. మామూలుగా ఎవరూ పట్టించుకోని పని మీద ఒక గదినిండా మనుషులు నెలల తరబడి పెట్టిన చూపు ఉంది. చూసేవాడికి ఆ లెక్కలు తెలీవు, కానీ తగులుతుంది.

పప్పుచారు_ప్రసాద్
లోను సంగతి చదివాక మిగతాదంతా ఇంకా నమ్మకంగా అనిపించింది.

అమీర్‌పేట్_అర్ధరాత్రి
@ఇన్‌బిట్వీనర్ బావుంది అన్నా, నిజంగా. కానీ కష్టపడి చేశారు కాబట్టి ఆసక్తిగా ఉండాలని రూలు లేదుగా. బియ్యపు గింజ మీద పేరు రాసేవాడూ కష్టపడతాడు. ఒకసారి చూసి అబ్బో అంటాం, ఆరుసార్లు చూడం.

నల్లకుంట_టీచరమ్మ
అర్ధరాత్రి బాబూ, నువ్వు పైన తెలుగులో తీస్తే లాగ్ అంటారన్నావు చూడు, ఆ మాట దగ్గరికి వస్తాను. మన సీరియల్ నెమ్మదిగా నడవదూ? పళ్ళెం కిందపడితే అత్తగారి మొహం మూడుసార్లు, కోడలి మొహం మూడుసార్లు, వంటమనిషి మొహం కూడా ఓసారి. పళ్ళెంలో ఏముందో మాత్రం ఎవరూ చూపించరు! నెమ్మది వేరు, సాగదీయడం వేరు నాయనా.

ఈ టోటోరో తీసిన దర్శకుడు మియాజాకి గారు దీనికి 'మా' అనే జపాన్ మాట వాడతారు. 2002లో అమెరికన్ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ ఈ ఖాళీల గురించి అడిగితే, ఆయన మూడు నాలుగు చప్పట్లు కొట్టి, నా చప్పట్ల మధ్య ఉన్న సమయమే 'మా' అన్నారు. నాకు సంగీతం పాఠాలు గుర్తొచ్చాయి. ఆదితాళంలో దెబ్బ వేస్తాం, వేళ్ళు లెక్కపెడతాం, మళ్ళీ దెబ్బ, తర్వాత అరచెయ్యి వెల్లకిలా తిప్పుతాం. దాన్ని ఉసి అంటారు. ఉసి చప్పుడు చెయ్యదు. అయినా పిల్లలు దాన్ని ఎగ్గొడితే పాటంతా పక్కకి జారిపోతుంది. మా గురువుగారు దెబ్బ తప్పితే ఊరుకునేవారు, ఉసి తప్పితే మొట్టికాయ వేసేవారు.

పప్పుచారు_ప్రసాద్
చప్పట్ల మధ్య సమయం అంటే మా ఇంట్లో దోమ తప్పించుకుపోయేది.

నల్లకుంట_టీచరమ్మ
ప్రసాదూ, నువ్వు నా క్లాసులో ఉంటే వెనక బెంచీయే.

ఇరానీచాయ్_రెండు
@ఇన్‌బిట్వీనర్ అన్నా, మీ పనిలో ఈ 'మా' పెట్టనిస్తారా?

ఇన్‌బిట్వీనర్
నవ్వు తెప్పించావు తమ్ముడూ. ఒక ఎపిసోడ్‌లో తాత బెంచీ మీద కూర్చున్నాడు. మనవడు "అమ్మమ్మ మళ్ళీ వస్తుందా" అని అడుగుతాడు. బోర్డులో జవాబు వెంటనే ఉంది. నేను రెండు సెకన్లు ఆపా. తాత మనవణ్ణి చూడడు, తన చేతులు చూసుకుంటాడు, అప్పుడు మాట్లాడతాడు. నాలుగు రోజుల తర్వాత రీటేకు నోటు వచ్చింది. "ఖాళీ తీసేయండి." 48 ఫ్రేములు తీసేశా. ఇప్పుడా తాత కస్టమర్ కేర్‌లాగా టక్కున జవాబు చెప్పేస్తాడు.

వాళ్ళని అని లాభం లేదు. పదకొండు నిమిషాల ఎపిసోడ్, మధ్యలో యాడ్లు, పిల్లాడి చేతిలో రిమోటు. ఖాళీ కనబడితే ఛానెల్ మారుస్తాడని భయం.

నల్లకుంట_టీచరమ్మ
ఆ భయం పెద్దవాళ్ళది. మన ఊళ్ళో నవంబరు 14కి బాలల చిత్రోత్సవం జరిగేది, గుర్తుందా? బంగారు ఏనుగు (గోల్డెన్ ఎలిఫెంట్) అనేవారు దాన్ని. ఒక ఏడాది మా బడి నుంచి ఐదో తరగతి పిల్లల్ని నలభైమందిని తీసుకెళ్ళాను. ఏ దేశం సినిమానో ఇప్పుడు చెప్పలేను గానీ, తెర మీద ఒక తాత విరిగిన కుర్చీ బాగుచేస్తున్నాడు. చేస్తూనే ఉన్నాడు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు మా పిల్లలు చదివేలోపే పోతున్నాయి. విసుగుతో కదిలింది నేనూ డ్రిల్లు మాస్టారూ ఇద్దరమే. పిల్లలు గుడ్లప్పగించి చూశారు. బస్సెక్కాక ఒకడు "టీచర్, ఆ నాలుగో కాలు మేకు సరిగ్గా దిగలేదు" అన్నాడు. వాళ్ళ నాన్న వడ్రంగి.

బల్కంపేట_బుజ్జి
మన చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చిన మోగ్లీ కూడా జపాన్ వాళ్ళు తీసిందే. మనకి ఆ పాటే గుర్తుంది.

ఇంకా ఘిబ్లీ అంటే గుర్తొచ్చింది. 2025 మార్చిలో అందరూ ఫొటోలని ఏఐతో ఘిబ్లీ బొమ్మలు చేసుకున్నారు కదా. మా అన్నయ్య పెళ్ళి ఫొటో పెడితే పంతులుగారికి మూడో చెయ్యి వచ్చింది, జీలకర్ర బెల్లం కాస్తా బర్గర్ అయిపోయింది. వదిన ఇప్పటికీ అదే డీపీ.

ఇన్‌బిట్వీనర్
ఆ నెల నా ఫోను ఆపేసుకున్నా. ప్రతి చుట్టమూ పంపించడమే, "నీ పని ఇక మిషనే చేసేస్తుందిగా" అని. ఒక్కరికీ జవాబివ్వలేదు.

కూకట్‌పల్లి_కోడలు
ఇంతసేపూ చదివాను. నేనొకటి అంటాను, ఎవరూ నొచ్చుకోకండి.

మీరంతా ప్రశాంతత అంటున్న సినిమాలో వాళ్ళ అమ్మ ఆస్పత్రిలో ఉంది. ఇంట్లో ఆడదిక్కు ఎవరు? ఆ పెద్దపిల్ల సత్సుకి. నాలుగైదు క్లాసులు చదివే వయసు. పొద్దున్నే లేచి వండి, నాన్నకో బాక్సు, చెల్లికో బాక్సు, తనకో బాక్సు కట్టుకుని బడికి పోతుంది. ఆ బాక్సుల సీను ఇన్‌స్టాలో ఎన్నిసార్లు చూశానో. కింద అందరూ "ఎంత ముద్దుగా ఉందో", "నాకూ ఇలాంటి పొద్దున కావాలి". నాకు కడుపు తరుక్కుపోయింది. మా అమ్మ కామెర్లతో మూడు నెలలు మంచాన పడ్డప్పుడు నేను ఆరో క్లాసు. తమ్ముడికి బాక్సు నేనే కట్టేదాన్ని. అన్నం చల్లారకుండానే మూతపెట్టేసేదాన్ని, మధ్యాహ్నానికి చెమర్చి ముద్దయ్యేది. వాడు తినకుండా తెచ్చేవాడు. ఎవరూ చెప్పలేదు నాకు, ఆవిరి పోయాక మూతపెట్టాలని.

ఇక ఇప్పుడు రోజూ నాలుగు బాక్సులు. నా వంటింట్లో ఏ గాలికీ కర్టెను అంత అందంగా ఊగదు. ఆ బొమ్మల్లో వంట ఒక్కసారి చూపిస్తారు. మూకుడు ఎవరు తోముతారో చూపించరు.

పప్పుచారు_ప్రసాద్
ఈసారి జోకు లేదండీ.

రాత్రిడ్యూటీ_రజిత
అక్కా, నేనది పట్టించుకోనే లేదు. ఆస్పత్రి సీన్లో మంచం ఎత్తు సరిగ్గా ఉందా లేదా అనే చూశా. ఎవరి పిచ్చి వాళ్ళది.

నల్లకుంట_టీచరమ్మ
కోడలమ్మా, నువ్వు చూసిందే సినిమాలో అసలు సంగతి అనుకుంటాను. మియాజాకి వాళ్ళమ్మ కూడా ఆయన చిన్నతనంలో వెన్నెముక క్షయతో ఏళ్ళ తరబడి మంచాన ఉన్నారు. ఆ భయం తెలిసినవాడు తీసిన సినిమా అది. చివర్లో టెలిగ్రామ్ వచ్చినప్పుడు అంతవరకూ అన్నీ సర్దుకొచ్చిన ఆ పెద్దపిల్ల బామ్మ ముందు నిలబడి భోరున ఏడుస్తుంది చూడు, అప్పుడు గానీ తెలీదు ఆ పిల్ల ఎంత బిగపట్టుకుని ఉందో. విలన్ లేడు నిజమే, భయం లేదని కాదు. 1988లో జపాన్‌లో దీన్ని విడుదల చేసినప్పుడు గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్‌తో జత కలిపి ఒకే టికెట్టు మీద వేశారు. యుద్ధంలో అన్నాచెల్లెళ్ళు ఆకలితో అల్లాడే సినిమా అది. రెండూ ఒకే పూట చూసి ఇంటికెళ్ళినవాళ్ళని తలుచుకో.

ఇరానీచాయ్_రెండు
@కూకట్‌పల్లి_కోడలు మూకుడు తోమే సినిమా కూడా ఉందక్కా. ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్, 2016. హిరోషిమా పిల్లని పక్కనున్న కురె ఊరికి కోడలిగా ఇస్తారు. యుద్ధకాలం, రేషను. సినిమాలో ముప్పాతిక వంతు ఆ పిల్ల గిన్నెలో గింజలు చాలక గట్టు మీద కలుపుమొక్కలు కోసుకొచ్చి వండుతుంటుంది, నీళ్ళు మోస్తుంటుంది, పాత కిమోనో కత్తిరించి కుడుతుంటుంది. ఆడపడుచు సాధింపు కూడా ఉంది, అచ్చం మన ఇళ్ళలాగే. బాంబులు పడతాయని మనకి తెలుసు, ఆ పిల్లకి తెలీదు. మీ మీద ఒట్టు, ఆ కూర తరిగే సీన్లు చూస్తుంటే నా గుండె దడదడలాడింది. తర్వాత ఆమె చేతికి

మోడరేటర్_మణి
ఇక్కడితో ఆపాను. స్పాయిలర్లు వద్దు.

కూకట్‌పల్లి_కోడలు
@ఇరానీచాయ్_రెండు ఆడపడుచు ఉందన్నావు కాబట్టి చూస్తాను.

తాండూర్_కందిపప్పు
నేను చెప్పేది వేరే సినిమా. ఓన్లీ యెస్టర్‌డే, 1991ది, తీసింది ఘిబ్లీల ఇంకో డైరెక్టరు తకహాత. టోక్యోల నౌకరి చేసే 27 ఏండ్ల పిల్ల లీవు పెట్టి యమగాట కాడ పల్లెకు పోయి పువ్వులు తెంపుతది. ఏం పువ్వులా అని చూస్తె కుసుమలు! మా తాండూరు దిక్కు యాసంగిల ఏసే కుసుమలు. పండుకున్నోన్ని లేచి కూసున్న.

ఆ పిల్ల రాత్రి రైలు దిగి తిన్నగ చేనుకు పోతది, ఇంకా తెల్లారలే. కుసుమకు ముళ్లుంటయి, మంచు మీద ఉన్నప్పుడే మెత్తగుంటయి. మా నాయిన గూడ కోతకు చీకట్లనే పోతుండె. కాళ్లకు గోనెసంచి చుట్టుకునెటోడు. ఎండెక్కినంక ఆ చేండ్ల చెయ్యి పెడితె తేలు కుట్టినట్టే. జపానోళ్లు పువ్వు తెంపి ఎర్రరంగు తీస్తరు, మనం గింజ కోసం, నూనెకు. గంతే తేడా. మునుపు అక్కడ పువ్వు తెంపే ఆడపిల్లల చేతులు రక్తమయ్యేటివంట, ఆ పువ్వుతోని చేసిన రంగు వాళ్ల పెదాలకు మాత్రం ఎన్నడు రాలేదంట. గా మాట సినిమాల్నే చెప్తరు. దాన్ని ప్రశాంతత అంటరా ఏమంటరో నాకు తెల్వది.

అమీర్‌పేట్_అర్ధరాత్రి
చూశారా, సిటీ పిల్ల లీవు మీద పల్లెకి పోయి పువ్వులు కోస్తుంది. నేను చెప్పిన జండూబామ్ ఇదే కదా. వారం తర్వాత వెనక్కి.

తాండూర్_కందిపప్పు
జర ఓపిక పట్టన్నా. గా సంగతి ఆ సినిమానే అడుగుతది. ఆఖరికి ఊరి ముసలమ్మ "మా తోనే ఉండిపో, మా పిలగాన్ని చేసుకో" అంటది. ఆ పిల్ల వానల బయటికి ఉరుకుతది. పల్లె అంటె ఇష్టం ఇష్టం అని చెప్పుకుంట తిరిగిన, చలికాలం ఎట్లుంటదో నాకేం ఎరుక అని సిగ్గుపడ్తది. లీవు మీద వచ్చినోళ్లకు పల్లె ఎప్పుడన్న బాగనే ఉంటది, మా అక్క పిల్లలు సంక్రాంతికొచ్చి ఎడ్లబండి ఫొటోలు దిగిపోతరు. బండి తోలమంటె మాత్రం పత్తా ఉండరు.

ఇరానీచాయ్_రెండు
అందులో అనాసపండు సీను! కుటుంబమంతా మొదటిసారి అనాసపండు కొని, ఎలా కొయ్యాలో తెలీక అలా పెట్టుకుని కూర్చుంటారు. తీరా కోస్తే రుచి ఉండదు. ఒక్కొక్కరే లేచి పోతారు, చిన్నపిల్ల ఒక్కతే పట్టుదలగా నములుతుంది. మా ఇంట్లో మొదటి అవకాడో ఇదే కథ. అక్క పుణె నుంచి తెచ్చింది. అమ్మ దాన్ని జామకాయ ముక్కల్లా కోసి ఉప్పూకారం చల్లింది. నాన్న ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని "సబ్బు" అన్నాడు. అందరం లేచిపోయాం. తెచ్చింది తనే కాబట్టి అక్క మొత్తం తినేసింది. కళ్ళలో నీళ్ళు.

ఇన్‌బిట్వీనర్
తకహాత ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి. ఆయనకి బొమ్మలు గీయడం రాదు. దర్శకుడే, చిత్రకారుడు కాదు. ఆ సినిమాలో పెద్దవాళ్ళ సీన్లకి ముందు నటుల మాటలు రికార్డు చేసి, దానికి తగ్గట్టు మొహాలు గీయించాడు. నవ్వినప్పుడు బుగ్గ మీద గీతలు కూడా. యానిమేటర్ల ప్రాణాలు తోడేసి ఉంటాడు. గీయడం వచ్చినవాడైతే ఇది కష్టం అని వదిలేసేవాడేమో.

బల్కంపేట_బుజ్జి
అన్నా మీరు సొంతంగా ఏదైనా చేశారా?

ఇన్‌బిట్వీనర్
ఒకటి. 11 సెకన్లు. మా నాయనమ్మ కొంగు ముడి విప్పి చిల్లర తీసివ్వడం. ఆదివారాలు కూర్చుని అయిదు నెలలు పట్టింది. ముడి విప్పేటప్పుడు ఆవిడ పళ్ళతో ఒకసారి లాగేది, తర్వాత రూపాయి బిళ్ళ ఇచ్చే ముందు బొటనవేలితో ఒకసారి రుద్దేది, రెండు బిళ్ళలు అతుక్కుని పోతాయేమోనని. ఆ రుద్దడం అరసెకను. దానికే ఆరువారాలు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు, చేతులు గుర్తున్నాయి గానీ ఏ చేతితో రుద్దేదో గుర్తురాలేదు. అమ్మనడిగితే కుడి అంది, చిన్నత్త ఎడమ అంది. ఎడమే పెట్టా.

అమీర్‌పేట్_అర్ధరాత్రి
లింకు పెట్టు అన్నా. ఇది నేను చూస్తా. 11 సెకన్లలో నిద్ర రాదు.

ఇన్‌బిట్వీనర్
ఇంకా సౌండు కలపలేదు. గాజుల చప్పుడు కావాలి. మట్టిగాజులు, ప్లాస్టిక్ కాదు.

కూకట్‌పల్లి_కోడలు
చార్మినార్ దగ్గర లాడ్ బజార్లో ఎక్కువగా లక్క గాజులే ఉంటాయి, అక్కడికి పోకండి. మా అత్తగారి దగ్గర పాత మట్టిగాజులు డజను ఉన్నాయి, రికార్డు చేసి పంపించనా?

ఇన్‌బిట్వీనర్
అమ్మా, అంతకంటేనా! పంపించండి. ఫ్యాను ఆపేసి రికార్డు చేయండి.

రైట్‌రైట్_1987
నిన్న రాత్రి మళ్ల పెట్టుకోని చూసిన. బిడ్డ లేదు, నేనొక్కన్నే. మొత్తం చూడలే, అబద్ధమెందుకు, నడుమ నిద్రవోయిన. బస్‌స్టాపు సీను మాత్రం రెండుసార్లు చూసిన.

వాన. చీకటి. ఆ ఇద్దరు పిల్లలు నాయిన కోసం గొడుగు పట్టుకోని స్టాపుల నిలవడ్డరు. నాయిన గొడుగు ఇంకొకటి చేతిల ఉన్నది. బస్సు వస్తది, నాయిన దిగడు. కండక్టరమ్మ ఎక్కుతరా అని అడుగుతది, పిల్లలు ఊకుంటరు, రైట్ అని ఎల్లిపోతది. నాకు అక్కడ మండింది. రాత్రిపూట వానల ఇద్దరు పసిపిల్లలను అడివిల ఇడిసిపెట్టి రైట్ కొడ్తరా? ఏం డ్యూటీ అది?

నేను మెహదీపట్నం నుంచి చేవెళ్ల దిక్కు చేసినప్పుడు, 1993నో 94నో, ఆఖరి సర్వీసు, నైట్ హాల్టు బండి. టికెట్లు కొట్టే మిషిన్లు, టిమ్ములు, ఇంకా రాలే, ట్రేల టికెట్లే. ఇట్లనే వాన. ఒక స్టేజీ కాడ ఎనిమిదేండ్ల పిల్ల గొడుగు పట్టుకోని నిలవడ్డది, చంకల ఇంకో గొడుగు. వాళ్ల నాయిన పట్నంల మేస్త్రి పని, రోజు నా బండికే వస్తడు, ఆ దినం రాలే. ఇంటికి పో బిడ్డా అన్న. "నాయిన తడుస్తడు" అన్నది. ఊరు లోపలికి రెండు కిలోమీటర్లు. డ్రైవరుకు చెప్పి బండి పక్కకు పెట్టిచ్చిన. లైట్లు ఎయ్యమన్న. లోపల పన్నెండు మంది ప్యాసింజర్లు, ఒకాయన కోపానికొచ్చిండు. ఆ పిల్ల బండెక్కదు, కిందనే నిలవడ్తది. నేను ఫుట్‌బోర్డు మీద. ఇద్దరం రోడ్డు చూసుకుంట. ఏం మాట్లాడలే. పావుగంటకు పాలవ్యాను ఒకటొచ్చి ఆగింది, అండ్లకెల్లి వాళ్ల నాయిన దిగిండు. గొడుగు ఇచ్చింది. ఇద్దరు పోయిండ్రు. నేను రైట్ అన్న.

పొద్దుగాల బిడ్డకు ఫోన్ల చెప్పిన. "ఇన్నేండ్ల నుంచి నాకెందుకు చెప్పలే నాన్నా" అన్నది. చెప్పెటందుకు ఏమున్నది అండ్ల.

పప్పుచారు_ప్రసాద్
బాబాయ్, బండి లేటయిందని డిపోలో ఏమన్నారు?

రైట్‌రైట్_1987
మెమో ఇచ్చిండ్రు. ఆలస్యానికి కారణం కాడ "వాన" అని రాసిన.